లప్పం మీద ఎర్రనీళ్ళు

మూడేళ్ళుగా నేను ఒక్క ప్రశ్నే అడుగుతున్నాను. మా మేస్త్రీని అడిగాను, మేస్త్రీ అల్లుణ్ణి అడిగాను, రంగుల కొట్టాయన్ని అడిగాను, చివరికి మా షెడ్డు ఎదుట టీ బంకు ఆయన్ని కూడా అడిగాను. ఒక్కరూ జవాబు చెప్పలేదు. చెప్పకపోగా, నేను టీకి వెళ్తుంటే "వచ్చాడ్రా, ఇక మొదలెడతాడు" అనుకోవడం నా చెవిన పడింది. ఆ మాట ఎవరన్నారో, అన్నప్పుడు ఆ మనిషి చేతిలో ఉన్నది టీ గ్లాసో బీడీయో కూడా చెప్పగలను. నాకు అన్నీ గుర్తుంటాయి. నా మీద అందరికీ ఉన్న ఫిర్యాదు అదే.

నోటితో అడిగితే ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దెబ్బ తగిలిన కార్లు అక్కడికి వస్తాయి. సొట్టలు తీసి, రంగు వేసి పంపిస్తాం. ఇరవై రెండేళ్ళు ఆ షెడ్డులో రంగు వేసే గన్ను నా చేతిలో ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదన్నదే నేను చెప్పబోయేది.

కారుకి రంగు వేయడమంటే జనం గన్ను పట్టుకుని చల్లడం అనుకుంటారు. చల్లడం పావుగంట పని. మిగతాదంతా గీకడమే. దాన్ని మేము పేపరు కొట్టడం అంటాం. సొట్ట తీసిన చోట రేకు ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్ని లప్పంతో పూడుస్తాం. లప్పం గట్టిపడ్డాక గరుకు కాగితంతో గీకి, రేకుతో సమానం చేస్తాం. దాని మీద ప్రైమరు, మళ్ళీ గీకడం. ఆ పైన రంగు, రంగు మీద మెరుపు కోసం క్లియర్ కోటు. అది ఆరాక మళ్ళీ గీకి పాలిష్.

గీకడానికి మూడు పద్ధతులు. పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది, కనురెప్పల మీదా ముక్కులోనూ పేరుకుంటుంది, కాగితం తొందరగా పూడిపోతుంది. నీళ్ళు పోస్తూ గీకితే దుమ్ము ఉండదు, ఒక్క కాగితం చాలాసేపు వస్తుంది, చేతికి హాయిగా ఉంటుంది. మధ్యలోది చెమ్మ. గుడ్డ తడిపి, చుక్క కారకుండా పిండి, ఒక్కసారి తుడిచి, ఆ చెమ్మ మీద గీకడం. ఏ పొరకి ఏది అన్నది తెలిసినవాడే పనివాడు. మా మేస్త్రీ నాకు మొదటి వారంలోనే చెప్పాడు. లప్పానికి పొడి. ప్రైమరుకి చెమ్మ. క్లియర్ కోటుకి నీళ్ళు. "ఇది తప్పితే నా షెడ్డులో నీకు పని లేదు" అన్నాడు.

ఎందుకని అడిగాను. అడగడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆయన తిట్టలేదు. ఒక పాత డోరు మీద అరచేయంత లప్పం పెట్టి, ఆరాక నీళ్ళ పేపరు కొట్టాడు. గుడ్డతో తుడిచాడు. నా చేత తడిమించాడు.

"ఎట్టా ఉంది?"

"ఆరిపోయింది మేస్త్రీ."

"నీ చెయ్యి అట్టాగే అంటది. చూడు."

డోరుని ఎండలో పెట్టి, టీ గ్లాసు ఒకటి బాగా తుడిచి లప్పం మీద బోర్లించాడు. మేము టీ తాగి వచ్చేసరికి గ్లాసు లోపల మంచు పట్టినట్టు మసకేసి ఉంది. లప్పం తాగిన నీళ్ళు ఎండకి బయటికి వస్తున్నాయి. "పైన రంగేసి మూసేత్తే ఇవి యాడికి పోతాయి? లోపలే ఉండి, ఓ రోజు రంగుని పైకి లేపుతాయి. గ్లాసు మసకేత్తే గన్ను పట్టుకోబాక" అన్నాడు. ఆయన ఆ మాట అన్నప్పుడు కుడిచేతి బొటనవేలికి ఎర్రటి ప్రైమరు అంటి ఉంది. ఇంత గుర్తుంచుకున్నవాడు ఆ మాట తప్పుతాడా?

మేస్త్రీ సాయిబు. షెడ్డు ఆయనదే. తండ్రి గుర్రబ్బండ్లకి రంగులు వేసేవాడట. మనిషి మంచివాడు. ఇది నేను ఆయన మీద కోపంతో ఉన్నప్పుడు కూడా ఒప్పుకుంటాను. కానీ మెచ్చుకోవడం మాత్రం ఆయనకి చేతకాదు. ఇరవై రెండేళ్ళలో నా పని మీద అరచెయ్యి రాసి "ఊఁ" అనేవాడు, అంతే. పక్క షెడ్డు వాళ్ళ పనిని మాత్రం రోడ్డు మీద నిలబడి మెచ్చుకునేవాడు. నేను లోపల ఉండి వినేవాణ్ణి.

మూడేళ్ళ క్రితం వేసవి చివర్లో దాచేపల్లి నుంచి ఒక ముదురు నీలం కారు వచ్చింది. అద్దెకి తిప్పే బండి. దాని డ్రైవరే ఓనరు. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసర్లని తిప్పుతాడు. ముందు వెళ్తున్న నాపరాళ్ళ ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగితే ఇతను వెళ్ళి గుద్దాడు. అతనికేమీ కాలేదు. బానెట్టు మాత్రం ముడుచుకుపోయింది. సొట్టలు తీసేసరికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున నేను లప్పం పెట్టి, ఆరాక పొడి పేపరు కొట్టాను. ముఖానికి గుడ్డ కట్టుకుని, చెక్కముక్కకి కాగితం చుట్టి, ఏటవాలుగా అటూ ఇటూ. కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి చూశాను. కళ్ళు తెరిచి ఉంటే చెయ్యి సరిగ్గా చెప్పదు. లప్పం ఎక్కడ మొదలైందో, రేకు ఎక్కడ ఆగిందో తెలియలేదు. అంత బాగా కుదిరింది. ఆ రోజు మేస్త్రీ కూడా చెయ్యి రాసి "ఊఁ" అన్నాడు.

సరిగ్గా అప్పుడే డ్రైవరు వాళ్ళమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి. చేతిలో గుడ్డసంచి, సంచిలో స్టీలు పళ్ళెం.

"మా అమ్మ బండికి దిష్టి తీసుకుంటదంట మేస్త్రీ" అన్నాడు డ్రైవరు. "గుద్దుకున్న కాడ్నుంచి అన్నం సరిగ్గా తినట్లా. రంగు పడకముందే తీయాలంట."

"తీసుకోనీ, మంచిదేగా" అన్నాడు మేస్త్రీ. ఆమె కూర్చోవడానికి స్టూలు తుడిచి ఇచ్చాడు.

ఆమె కూర్చోలేదు. బోరు దగ్గర పళ్ళెంలో నీళ్ళు పట్టుకుని, పసుపు వేసి, పొట్లం విప్పి సున్నం వేసి వేలితో కలిపింది. నీళ్ళు నెత్తుటి రంగుకి తిరిగాయి. "మా ఊరి బట్టీ సున్నం నాయనా, కల్తీ ఉండదు" అంది నాతో, నేనేదో బేరం అడిగినట్టు.

"పెద్దమ్మా, దూరం నుంచి తిప్పి రోడ్డు మీద పారబొయ్యి. బండికి తగలనీయబాక" అన్నాను.

"నాకు తెలవదా? నువ్వు పుట్టకముందు నుంచి తీత్తన్నా దిష్టి."

"తెలుసులే పెద్దమ్మా. లప్పానికి తడి ఆగదు, అందుకని."

"ఏందిరా నీ గోల, పెద్దామెని తియ్యనీ" అన్నాడు డ్రైవరు.

నేను ముందే చెప్పానన్నదానికి సాక్షులు ఇద్దరున్నారు. ఇద్దరూ ఇప్పుడు గుర్తులేదంటారు.

ఆమె పళ్ళెం పట్టుకుని కారు చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని గొణుక్కుంటూ, లారీల దిష్టి, ట్రాక్టర్ల దిష్టి కూడా కలిపింది. తర్వాత రోడ్డు వైపు వెళ్తుందని నేను దారి ఇచ్చాను. ఆమె బానెట్టు ముందు ఆగింది. నీలం మధ్యలో పాలిపోయినట్టున్న లప్పాన్ని చూసి, "దెబ్బ తగిలింది ఈడేగా? అయ్యో, తోలు ఊడినట్టుందే" అంది. ఎర్రనీళ్ళలో నాలుగు వేళ్ళూ ముంచి, పిల్లవాడి మోకాలికి మందు రాసినట్టు లప్పం పొడుగునా రాసింది. నేను "పెద్దమ్మా!" అని అరిచేలోపు పళ్ళెంలో మిగిలింది కూడా అక్కడే పోసింది.

"అరుత్తావేందిరా, ఉలిక్కిపడ్డా" అంది.

కారి కింద పడతాయనుకున్నాను. సగమే కారాయి. మిగతావి నా కళ్ళముందే లప్పం తాగేసింది.

ఆమె పళ్ళెం తుడుచుకుని, మనసు కుదుటపడినట్టు మొదటిసారి స్టూలు మీద కూర్చుంది. నేను మేస్త్రీని పక్కకి పిలిచాను. "ఇది మొత్తం గీకి పారేసి కొత్త లప్పం పెట్టాలి మేస్త్రీ" అన్నాను.

డ్రైవరు విన్నాడు. "రేపు మజ్జానానికి ఫ్యాక్టరీ గేటు కాడ బండి ఉండాల. లేకపోతే వాళ్ళు ఇంకో బండి పెట్టుకుంటారు. పెట్టుకుంటే నన్ను మళ్ళా పిలుత్తారా? మీరే చెప్పండి."

మేస్త్రీ అతన్ని చూశాడు. స్టూలు మీద కూర్చున్న ఆమెని చూశాడు. కొత్త లప్పం ఎందుకని ఆమె అడిగితే, ఆమె పోసిన నీళ్ళ వల్ల అని చెప్పాలి. ఆ మాట తన నోటితో చెప్పడం ఆయనకి ఇష్టం లేదు. నేను అర్థం చేసుకోలేదనుకోకండి. తను వేరే మతం మనిషి అయి ఉండి, ఆమె కొడుకు క్షేమం కోసం తెచ్చిన నీళ్ళని చెడగొట్టే నీళ్ళు అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ అర్థం చేసుకోవడం వేరు, మర్చిపోవడం వేరు.

"ఏదో ఒకటి చెయ్యరా" అన్నాడు మేస్త్రీ.

పొరకో పద్ధతి నేర్పిన మనిషి ఆ రోజు నాతో అన్నది అదీ.

నాకు మూడు దార్లున్నాయి. ముందు పొడిగానే మొదలుపెట్టాను. మూడు రుద్దులకే పసుపూ సున్నమూ కలిసి జిగటై కాగితం పూడిపోయింది. కాగితం మార్చాను. మరక పోవడం మాని పక్కలకి పాకింది. అలా వదిలేస్తే రంగు కింద పసుపు పొంగుతుంది. నీళ్ళు పోసి కడిగితే మరక పోతుంది, కానీ లప్పం ఇంకా తాగుతుంది. నీళ్ళ పేపరు కొట్టను గాక కొట్టను అనుకున్నాను. మిగిలింది చెమ్మ. గుడ్డని బోరు నీళ్ళలో ముంచి, మణికట్లు నొప్పెట్టేదాకా పిండి, రెండే రెండుసార్లు తుడిచాను. ఆ చెమ్మ మీద సన్న కాగితంతో గీకాను. మరక పోయింది. కారుని ఎండలోకి తోసి బానెట్టు సూర్యుడి వైపు తిప్పి పెట్టాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు కాబట్టి చెప్పలేదు. అందరూ చూస్తుండగానే చేశాను.

ఎండ వాలుతుండగా టీ బంకు నుంచి ఒక గ్లాసు తెచ్చాను. చొక్కాతో తుడిచి లప్పం మీద బోర్లించాను. కాసేపటికి వంగి చూశాను. లోపల ఏదో ఉంది. మసక లాగా ఉంది. కానీ అది పాత డోరు మీద చూసిన మసకంత లేదు. టీ బంకులో గ్లాసులు బకెట్లో ముంచి తీస్తారు. అంచులో మిగిలిన చెమ్మ కూడా కావచ్చు. మేస్త్రీని పిలిచాను.

ఆయన వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. కళ్ళజోడు జారితే పైకి తోసుకున్నాడు. గ్లాసు వైపు చూశాడు. ఇది నేను ఏ గుళ్ళోనైనా ప్రమాణం చేసి చెబుతాను. చూశాడు.

"మేస్త్రీ, ఏమంటారు?" అని అడిగాను.

అప్పుడే మసీదు మైకులోంచి పిలుపు వినిపించింది. ఆయన నడుము నిటారు చేసి, జేబులోంచి టోపీ తీసి పెట్టుకుని నమాజుకి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చాక డ్రైవరు పక్కన కూర్చుని దాచేపల్లి రోడ్డు గుంటల గురించి మాట్లాడాడు. నా వైపు చూడలేదు. డ్రైవరు మాత్రం ఎండనీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను ప్రైమరు కలిపాను.

మర్నాడు పొద్దున రంగు, ఆ పైన క్లియర్ కోటు వేశాను. మధ్యాహ్నానికి బండి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంది. షెడ్డులోంచి కదిలేముందు బానెట్టులో మా రేకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించాయి. కొడుకుతో వచ్చిన ఆమె కూడా వంగి తన ముఖం చూసుకుని నవ్వింది.

రెండు నెలలు గడిచాయి. వానలు ముదిరాయి. ఒక రోజు అదే కారు వచ్చి ఆగింది. డ్రైవరు దిగాడు, వాళ్ళమ్మ దిగింది. బానెట్టు మీద లప్పం ఉన్న మేర వేసవిలో వీపు మీద లేచే చెమటకాయల్లాగా పొక్కులు.

టీ బంకు దగ్గరి జనమంతా పోగయ్యారు. డ్రైవరు నన్ను కాదు, మేస్త్రీని అడిగాడు. "ఆఫీసరు సారు చూసి, ఏందయ్యా, నీ బండికి అమ్మవారు పోసిందా అన్నాడు. ఏం చేశారు మీరు? వేరే షెడ్డాయన చెప్పాడు, లప్పం మీద నీళ్ళ పేపరు కొడితేనే ఇట్టా వత్తదంట."

"నేను నీళ్ళ పేపరు కొట్టలా" అన్నాను.

"మరి ఆకాశంలోంచి ఊడిపడ్డాయా నీళ్ళు?"

"మీ అమ్మ పోసిన ఎర్రనీళ్ళు మర్చిపోయావా?"

అనకూడదని మేస్త్రీకి తెలిసిన మాట నా నోట్లోంచి వచ్చేసింది. డ్రైవరు నా మీదకి వచ్చాడు. "పని చేతగాక మా అమ్మ మీద పెడతన్నావా? దిష్టి నీళ్ళకి బండ్లు పాడైతే దేశంలో ఒక్క బండన్నా ఉంటదా?" జనం నవ్వారు. టీ బంకు ఆయన "పెద్దామె జోలికి పోతావేందిరా" అన్నాడు. చెమ్మ గుడ్డతో తుడిచానని అప్పుడు చెప్పి ఉండాల్సిందేమో. ఆ గోలలో చెప్పినా నీళ్ళు అన్న మాటొక్కటే వినేవాళ్ళు.

ఆమె మాత్రం గోల చేయలేదు. మేస్త్రీ దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగింది. "నా వల్లనా నాయనా?"

మేస్త్రీ ఆ పొక్కులని చూశాడు. నన్ను చూశాడు. "నీ వల్ల కాదమ్మా" అన్నాడు. "మావాడి చేతిది తప్పు."

అంతటితో ఆగినా బాగుండేది. డ్రైవరు చల్లబడాలని కాబోలు, అందరికీ వినపడేలాగా ఇంకోటి అన్నాడు. "లప్పం మీద నీళ్ళు పెట్టినవాడు నా షెడ్డులో గన్ను ముట్టుకోడు." గోడకి తగిలించి ఉన్న గన్ను తీసి లోపలి బీరువాలో పెట్టాడు.

బండిని షెడ్డు ముందే వదిలి వాళ్ళంతా టీకి వెళ్ళాక నేను ఒక పొక్కుని గుండుసూదితో పొడిచాను. చిన్న చుక్క వచ్చింది. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. సున్నం రుచి తగిలింది. ఆమె సున్నమే, దొరికింది అనుకున్నాను. పరుగెత్తినట్టు బోరు దగ్గరికి వెళ్ళి, దోసిట్లో నీళ్ళు పట్టి అవీ నాలిక మీద వేసుకున్నాను. అదే రుచి. మా నేలంతా సున్నపురాయి. మా బోరు నీళ్ళు ఏ కారు మీద ఆరినా తెల్లటి మరక పడుతుంది. నా గుడ్డలో ఉన్నదీ సున్నమే, ఆమె పళ్ళెంలో ఉన్నదీ సున్నమే. ఏది లోపల మిగిలి పొక్కయిందో ఆ చుక్క నాకు చెప్పలేదు. అక్కడే బోరు పక్కన కూర్చుండిపోయాను.

ఆ తర్వాతి నెలలో మేస్త్రీకి మోకాళ్ళు పట్టేశాయి. గుంటూరులో పెద్ద వర్క్‌షాపులో చేసే అల్లుణ్ణి పిలిపించుకుని షెడ్డు అప్పగించాడు. అల్లుడు కరెంటుతో గీకే మెషిను తెచ్చాడు. దానికి గొట్టం ఉంటుంది, దుమ్ము అదే పీల్చుకుంటుంది. లప్పమైనా ప్రైమరైనా అతను పొడిగానే గీకుతాడు. నీళ్ళు అవసరమయ్యేది చివర్న క్లియర్ కోటుకే. ఆ పని నాకిచ్చాడు.

"బాబాయ్, మీరు నీళ్ళ పని చూసుకోండి. మీకు అలవాటేగా" అన్నాడు.

అలవాటేగా. కావాలని అన్నాడో, మామూలుగా అన్నాడో అడిగాను. నవ్వి ఫోను ఎత్తుకున్నాడు. లప్పం మీద నీళ్ళు వద్దని మొత్తుకున్న నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా బకెట్టు పక్కన ఉంటున్నాను. వేళ్ళ చివర్లు ఎప్పుడూ పాలిపోయి ముడతలు పడి ఉంటాయి. ఫోను నా వేలిముద్రని గుర్తుపట్టడం మానేసింది. రేషను దగ్గర మెషిను కూడా రెండోసారీ మూడోసారీ పెట్టమంటుంది. వెనకాల నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. వాళ్ళకి ఏమని చెప్పను?

ఆ నీలం కారుని మళ్ళీ తెచ్చినప్పుడు బానెట్టుని అల్లుడే మొత్తం గీకి కొత్తగా చేశాడు. తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు ఆమె కూడా వచ్చింది. నేరుగా నా బకెట్టు దగ్గరికి వచ్చింది. సంచిలోంచి అదే పళ్ళెం తీసింది.

"నీ చేతులు చాపు నాయనా."

"ఎందుకు పెద్దమ్మా?"

"ఇంత మంచి చెయ్యి ఊరికే పాడవదు. ఎవరి కళ్ళో తగిలినయ్యి. ఆ రోజు అద్దం లాగా చేశావు, నా మొహం నేను జూసుకున్నా. మీ మేస్త్రీ నీ చెయ్యి తప్పు అన్నకాడ్నుంచి నాకు మనసులో మనసు లేదు."

ఆమెకి చెబుదామనుకున్నాను. నా చేతికి ఏమీ కాలేదనీ, మేస్త్రీ ఆమె బాధపడకూడదని అన్నాడనీ. చెబితే మేస్త్రీ మాట పోతుంది, ఆమెకి నిద్ర లేకుండా పోతుంది. చెప్పకపోతే నా చెయ్యి చెడిపోయిందని నేనే ఒప్పుకున్నట్టు. రెండు చేతులూ చాపి నిలబడ్డాను. మూడుసార్లు తిప్పి ఎర్రనీళ్ళు నా అరచేతుల మీద పోసింది. చల్లగా ఉన్నాయి. వేళ్ళ సందుల్లోంచి కారి మురుగులోకి పోయాయి.

"ఇక తగ్గిపోద్దిలే" అంది.

అల్లుడు దాన్ని వీడియో తీసి తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు. మా వీధిలో అందరూ చూశారు. నా భార్య చూసి, "నీకు ఆమె మీద కోపమా, మేస్త్రీ మీద కోపమా, ఏదో ఒకటి తేల్చుకో" అంది. ఇద్దరి మీదా ఉంది. రెండూ తీరవు.

పోయిన వారం మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళకి నూనె రాసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషించాడు. అది నిజమైన సంతోషమే. లోపలికి కేకేసి టీ తెప్పించాడు. గాజు గ్లాసులో వచ్చింది. తాగేశాను. గ్లాసుని చొక్కాతో లోపలా బయటా తుడిచి, ఆయన ముందున్న స్టూలు మీద బోర్లించాను.

ఆయన ఆ గ్లాసుని చాలాసేపు చూశాడు.

"ఇంకాస్త పోయించమంటావా?" అన్నాడు.

"టీ కోసం రాలా మేస్త్రీ. ఆ రోజు మిమ్మల్ని ఒక మాట అడిగా. మీరు నమాజుకి పోయారు."

"ఇంకా దాన్నే పట్టుకునున్నావురా నువ్వు?"

"నన్ను పట్టుకునుంది అదే."

ఆయన గ్లాసుని తీసి నిలబెట్టాడు. దాని అంచు మీద బొటనవేలు తిప్పుతూ, "ఆమె ముసల్ది రా" అన్నాడు. నాకూ యాభై దాటాయి. అది ఆయనకి తట్టలేదో, తట్టినా లెక్కలోకి రాలేదో తెలియదు.

మేస్త్రీ, ఇది మీకు చదివి వినిపించమని మీ మనవరాలికి ఇచ్చి వెళ్తున్నాను. గన్ను నాకు వద్దు, మీ అల్లుడి దగ్గరే ఉండనీయండి. ఆమెకి ఏమీ చెప్పనక్కర్లేదు, జనం ముందు మాట మార్చుకోనక్కర్లేదు. నాకు చెప్పండి చాలు. అప్పటికే గ్లాసు మసకేసి ఉంటే, మీరు చూసి కూడా ఆపలేదు. మసక లేకపోతే, తప్పు నా చేతిది కాదని మీకు ఆ రోజే తెలుసు. నేను వంగి చూసింది నేను నమ్మలేకపోతున్నాను, నాలికతో చూసింది తేల్చుకోలేకపోతున్నాను. మిగిలింది మీ కళ్ళే. మీరు కళ్ళజోడు పైకి తోసుకుని మరీ చూశారు. ఆ గ్లాసులో ఏముంది మేస్త్రీ? చెప్పండి.